మల్లమ్మ వయసు

మల్లమ్మకు తన వయసు ఎంతో తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కూడా చాలా కాలం పడలేదు. పనిలో పెట్టుకునే మేస్త్రీలు వయసు అడిగేవాళ్లు కాదు, తట్ట ఎత్తగలదా లేదా అని మాత్రం చూసేవాళ్లు. పన్నెండేళ్ల కిందట పుప్పాలగూడలో ఆధార్ కార్డులు రాస్తున్నప్పుడు, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషి ఆ ప్రశ్న మొదటిసారి అడిగాడు.

"నాకేమెరుక సారూ, మీరే రాయుండ్రి" అంది మల్లమ్మ.

అతను తల ఎత్తి ఆమె నెరిసిన జుట్టును, ఎండకు నల్లబడి ముడతలు పడిన ముఖాన్ని చూశాడు. అరవై అని వేశాడు. పుట్టిన తేదీ జనవరి ఒకటి. ఆ రోజు ఆ వరసలో నిలబడ్డవాళ్లలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు.

మల్లమ్మది కొల్లాపూర్ దిక్కున కృష్ణ ఒడ్డు పల్లె. శ్రీశైలం డ్యాము నిండి ఊరు నీళ్లలోకి పోయాక, మొగుడు సాయిలుతో కలిసి మూట నెత్తిన పెట్టుకుని హైదరాబాదు వచ్చింది. అప్పటి నుంచి ఇరవై ఎనిమిదేళ్లు ఇసుక, కంకర, సిమెంటు మోసింది. మాదాపూర్‌లో, గచ్చిబౌలిలో ఇప్పుడు అద్దాల మేడలు నిలబడిన ఎన్నో చోట్ల పునాదుల్లోంచి మట్టి ఎత్తిపోసింది. మోకాళ్లు పనికి రాకుండా అయ్యాక, సాయిలుకు పుప్పాలగూడలోనే ఒక అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్ పని దొరికింది. సెల్లారులో ఒక గది ఇచ్చారు. మల్లమ్మ పైన రెండు ఇళ్లలో అంట్లు తోముతుంది. వాళ్లకు ఒక్కతే కూతురు, రజిత. కొండాపూర్‌లో ఉంటుంది. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో హౌస్‌కీపింగ్ వాళ్లకు సూపర్‌వైజర్.

కుడి రొమ్ములో గడ్డ మల్లమ్మకు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. చిక్కుడు గింజంత ఉంది. నొప్పి లేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. సబ్బు రుద్దుకునేటప్పుడు ఆ చోటు వదిలేయడం అలవాటు చేసుకుంది. అది ఎందుకొచ్చిందో తనకు తెలుసనుకుంది. రావలసిందే వచ్చిందనుకుంది.

ఆర్నెల్ల తరవాత రజిత వాళ్ల ఆఫీసులో ఆడవాళ్లకు ఉచితంగా పరీక్షలు చేశారు. తల్లుల్ని కూడా తీసుకురావచ్చన్నారు. మల్లమ్మ మోకాళ్ల నొప్పులకు మాత్రలిస్తారేమోనని వెళ్లింది. పరీక్ష చేస్తున్న నర్సు చెయ్యి ఒకచోట ఆగింది. మళ్లీ అక్కడే నొక్కి చూసింది. తరవాత అన్నీ త్వరత్వరగా జరిగాయి. ప్రభుత్వ దవాఖానలో సూది పరీక్ష, స్కానింగు, ఆపరేషను. రొమ్ము మొత్తం తీయలేదు. గడ్డనూ దాని చుట్టూ కొంత కండనూ తీశారు. చంకలోంచి రెండు గ్రంథులు పరీక్షకు పంపారు.

కుట్లు మానాక రేడియేషన్ డాక్టరు దగ్గరికి పంపించారు. ఆమె పేరు ఉదయశ్రీ. కాకినాడ వైపు మనిషి. కాగితాలన్నీ చదివి నెమ్మదిగా చెప్పింది.

"గడ్డ చిన్నదమ్మా. ఒకటిన్నర సెంటీమీటర్లు. చంకలోకి పాకలేదు. అంచులు కూడా శుభ్రంగా వచ్చాయి. రొమ్ము ఉంచి గడ్డ ఒక్కటే తీసినప్పుడు మామూలుగా మేం రేడియేషన్ ఇస్తామండి. వారానికి ఐదు రోజులు, మూడు వారాలు. కానీ మీకు డెబ్బై రెండేళ్లు. ఈ వయసులో, ఇలాంటి చిన్న గడ్డకి, ఐదేళ్లపాటు రోజూ మాత్ర వేసుకుంటానంటే రేడియేషన్ మానేయొచ్చు కూడా. మానేసినందుకు ఆయుష్షేం తగ్గదు. అదే రొమ్ములో గడ్డ మళ్లీ వచ్చే అవకాశం మాత్రం కొంచెం ఎక్కువ. మానేస్తే పదేళ్లలో వందమందిలో పదిమందికి రావచ్చు. చేయించుకుంటే ఒకరికో ఇద్దరికో."

మల్లమ్మకు చాలా మాటలు అర్థం కాలేదు. కూతురి వైపు చూసింది.

"కరెంటు పెడ్తరు చూడమ్మా, గదే. కంటికి కనవడని వెలుతురేదో ఒంటి మీద ఏస్తరు" అంది రజిత.

"వద్దు" అంది మల్లమ్మ వెంటనే.

"తొందరేం లేదండి. ఇంటికెళ్లి ఆలోచించుకోండి" అంది డాక్టరు.

"ఆలోచించేది లేదు మేడం. గోలీలు ఏసుకుంట. ఎన్నేండ్లు ఏసుకోమన్నా ఏసుకుంట. కరెంటు మాత్రం వద్దు."

అంత గట్టిగా తల్లి ఎవరితోనూ మాట్లాడడం రజిత చూడలేదు. భయపడిందిలే అనుకుంది. రోజూ దవాఖానకు తిప్పాలంటే తన డ్యూటీ ఎట్లా అన్న దిగులు కూడా రజిత మనసులో ఉంది. తల్లి వద్దనడం ఆమెకు లోలోపల హాయిగానే అనిపించింది. ఆ తరవాత చాలా రోజులు ఆ హాయిని తలుచుకుని సిగ్గుపడింది.

ఆ ఆదివారం రజిత సెల్లారు గదికి వచ్చింది. సాయిలు గేటు దగ్గరి నుంచి వచ్చి అన్నం తింటున్నాడు. డాక్టరు చెప్పిందంతా రజిత వివరంగా చెప్పింది. డెబ్బై దాటినవాళ్లకు కరెంటు లేకపోయినా నడుస్తుందని చెప్పగానే సాయిలు ముద్ద ఆపాడు.

"డెబ్బై ఎవరికి?"

"అమ్మకు. కార్డుల డెబ్బై రెండున్నది గద."

"నాకు అరవై ఎనిమిది" అన్నాడు సాయిలు. "నాకంటె ఏడేండ్లు చిన్నది మీ అమ్మ. ఆమెకు డెబ్బై రెండెట్ల అయినయే?"

రజిత ఇద్దరి కార్డులూ తీసి పక్కపక్కన పెట్టింది. ఇన్నేళ్లలో ఎవరూ అట్లా పెట్టి చూడలేదు. కార్డు ప్రకారం తల్లి తండ్రి కంటే నాలుగేళ్లు పెద్దది.

"అమ్మా, గీ ముచ్చట డాక్టరుకు చెప్పాలె."

"ఎందుకే? కాయిదం మీద ఉన్నదే ఖరారు. సర్కారు రాసింది."

"నీ వయసు సూసే గద ఆమె వద్దన్నా నడుస్తదన్నది. వయసు తప్పైతే ఆమె చెప్పింది గూడ తప్పే అయితది."

"కార్డు తప్పంటే ఆ కార్డు మీద చేసిన ఆపరేషన్ గూడ తప్పంటరు. మళ్ల ఆఫీసుల సుట్టు తిప్పుతరు. నువ్వు నోరు మూసుకోని ఊకో."

"నువ్వు చెప్పకుంటే నేను చెప్త."

మల్లమ్మ లేచి, కడిగిన గిన్నెలనే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. రజిత వెళ్లేదాకా వెనక్కి తిరగలేదు.

పది రోజుల తరవాత మళ్లీ దవాఖానకు వెళ్లారు. బస్సులో తల్లీకూతుళ్లు వేరు వేరు సీట్లలో కూర్చున్నారు. డాక్టరు గదిలోకి వెళ్లి కూర్చోగానే రజిత చెప్పేసింది. కార్డులో వయసు తప్పనీ, అమ్మ అంత పెద్దది కాదనీ చెప్పింది.

ఉదయశ్రీ విసుక్కోలేదు. కలం కింద పెట్టింది.

"మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంతేనండి. దీనికి మీకేం ఇబ్బంది రాదు, ఆపరేషన్‌కీ ఏమీ కాదు. కాకపోతే నాకు అసలు వయసు తెలియాలి. మల్లమ్మగారూ, మీ పెళ్లి ఎప్పుడైందో గుర్తుందా?"

మల్లమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. "పెద్దమనిషి అయిన యేడాదే చేసిండ్రు."

"అంటే పదమూడో, పద్నాలుగో అయ్యుంటాయి. మొదటి కాన్పు?"

మల్లమ్మ తలుపు వైపు చూసింది.

"మీ అమ్మాయి ఎనభై ఏడులో పుట్టానని రాసిచ్చింది కదా. అప్పటికి పెళ్లయి ఎన్నేళ్లయింది?"

"తొమ్మిది పది ఏండ్లు" అంది రజిత. "నేను శానా లేటుగ పుట్టిన్నంట మేడం. నాయన చెప్పిండు."

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకుంది. మళ్లీ అడిగింది. "మధ్యలో ఏమైనా గర్భం పోవడం, బిడ్డ పోవడం జరిగిందా అమ్మా? రొమ్ము జబ్బులో ఇవన్నీ అందరినీ అడుగుతామండి."

మల్లమ్మ తల దించుకుంది. చీర చెంగు వేలికి చుట్టింది, విప్పింది. ఆమె మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"గ్రానం పట్టి పగలు చీకటైంది సూడుండ్రి. గా యేడు."

"ఏ గ్రహణం?"

"పొద్దు ఇంక ఉండంగనే చీకటైంది. శివరాత్రి ఎళ్లినంక. పిట్టలన్ని చెట్లల్లకు పోయినయి, ఎడ్లు బెదిరినయి. అప్పుడు నాకు అయిదో నెల పడ్డది."

రజిత తల్లి ముఖంలోకి చూసింది. "ఎవరి కడుపుల అమ్మా?"

మల్లమ్మ కూతురి వైపు చూడకుండా, డాక్టరుకే చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్లు గ్రహణం చూడకూడదని అత్త ఆమెను గదిలో వేసి తలుపు పెట్టింది. సందుల్లో గుడ్డలు కుక్కింది. కదలకుండా వెల్లకిలా పడుకోమంది. మల్లమ్మ చాలాసేపు అట్లాగే పడుకుంది. ఉన్నట్టుండి బయట చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. ఏమైందో తెలియక భయం వేసింది. లేచి, తలుపు సందులోని గుడ్డ కొంచెం జరిపి చూసింది. వాకిట్లో వెలుతురు రాగిచెంబు రంగులో ఉంది. ఆ తరవాత అదీ పోయింది. మళ్లీ గుడ్డ కుక్కి వచ్చి పడుకుంది.

మృగశిర కార్తెలో, మిరుగు వానలప్పుడు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. పై పెదవి ముక్కు దాకా చీలి ఉంది. అంగిట్లోనూ సందు ఉంది. గ్రహణమొర్రి అన్నారు. "సూసినవా?" అని అత్త అడిగింది. "సూడలే" అంది మల్లమ్మ. ఎంతమంది అడిగినా అదే చెప్పింది. బిడ్డ పాలు కుడవలేకపోయింది. చన్ను నోట్లో పెడితే పాలు ముక్కులోంచి వచ్చేవి. దూదిని పాలలో ముంచి నోట్లో పిండేవాళ్లు. నెల దాటి మూడు రోజులు బతికింది. బిడ్డ పోయిన తరవాత ఇరవై రోజుల దాకా మల్లమ్మకు పాలు పడుతూనే ఉన్నాయి. దొడ్లోకి పోయి మట్టిలోకి పిండుకునేది. కుడివైపే ఎక్కువగా పడేవి.

"గా రొమ్ములనే గడ్డ అయింది మేడం" అంది మల్లమ్మ. "నేను సూసిన. గా వెలుతురు సూసిన. ఇగ మళ్ల కంటికి కనపడని వెలుతురేదో నా మీద ఏస్తమంటున్నరు. నాకు వద్దు."

 రజిత తల్లి చెయ్యి పట్టుకోబోయి ఆగిపోయింది. ముప్పై ఎనిమిదేళ్లుగా తానే మొదటి బిడ్డననుకుంది. తనకొక అక్క ఉండేదన్న మాట తలలోకి ఎక్కడానికి ఆమెకు సమయం పట్టింది.

ఉదయశ్రీ ఫోనులో వెతికి చూసింది. "పంతొమ్మిది వందల ఎనభై, ఫిబ్రవరి పదహారు" అంది. "అప్పటికి మీకు పదహారేళ్లు అనుకున్నా, ఇప్పుడు అరవై ఒకటి." తరవాత కుర్చీ మల్లమ్మకు దగ్గరగా జరుపుకుంది.

"అమ్మా, ఒక్క మాట చెబుతాను. గ్రహణం నాటికి అయిదో నెల అన్నారు కదా. కడుపులో బిడ్డకి పై పెదవి రెండో నెలలోనే కలిసిపోవాలండి. అంగిలి మూడో నెలలో. మీ పాపకి అప్పుడే కలవలేదు. మీరు తలుపు సందులోంచి చూసేటప్పటికి, ఆ పెదవి అలా తయారై రెండు నెలలు దాటింది. గ్రహణం రాకపోయినా, మీరు చూడకపోయినా, పాప అలాగే పుట్టేది. ఎవరికి ఎందుకు వస్తుందో అన్నిసార్లూ మాకూ తెలియదు. మీరు చూసినందుకు మాత్రం రాలేదు. రొమ్ములో ఈ గడ్డ కూడా అందుకు రాలేదు."

మల్లమ్మ ఆమె పెదవులనే చూస్తూ కూర్చుంది.

"రెండో నెలల్నా?"

"అవునమ్మా."

"అప్పుడు నాకు నెల తప్పిందనే ఎవరికీ తెల్వది" అంది మల్లమ్మ. కొంతసేపయ్యాక అడిగింది. "గప్పుడు పట్నం దవాఖానకు తెచ్చి ఉంటే?"

డాక్టరు అబద్ధం చెప్పలేదు. "బతికేదేమో. పాలు పట్టే పద్ధతి వేరే ఉంటుంది. పెదవి కుట్టొచ్చు. ఆ రోజుల్లో మీ ఊరికి అది ఎంత దూరమో నాకు తెలుసమ్మా."

అప్పుడు మల్లమ్మ ఏడ్చింది. పెద్దగా ఏడవలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయింది. బయట వరసలో ఉన్నవాళ్లు తలుపు తోసి చూసి వెళ్లారు.

వెళ్లేటప్పుడు డాక్టరు చెప్పవలసింది చెప్పింది. అరవై ఒక్క ఏళ్లంటే ముందు చాలా కాలం ఉంది. గడ్డ తిరిగి రావడానికీ అంత కాలం ఉంటుంది. ఈ వయసువాళ్లకు డాక్టర్లు రేడియేషన్ మానేయమని చెప్పరు. అది ఒంటికి కరెంటు షాకు లాంటిది కాదు, నొప్పి తెలియదు, తోలు నల్లబడుతుంది, నీరసం వస్తుంది. అయినా ఒళ్లు మల్లమ్మది, మాట కూడా మల్లమ్మదే. వారంలో చెబితే చాలు.

ఆ సాయంత్రం సాయిలు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆఫీసుల నుంచి కార్లు ఒక్కొక్కటే లోపలికి వస్తున్నాయి. మల్లమ్మ వెళ్లి పక్కన అరుగు మీద కూర్చుంది. సాధారణంగా ఆమె అక్కడికి రాదు.

"డాక్టరమ్మకు చెప్పిన" అంది. "పెద్దపిల్ల ముచ్చట."

సాయిలు ఆమె వైపు చూడలేదు. గేటు తెరవడానికి లేచాడు. కారు లోపలికి పోయాక మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"నేను అబద్ధం చెప్పిన మీ అమ్మకు. గ్రానం సూసిన. గుడ్డ జరిపి సూసిన."

"నాకెరుక."

మల్లమ్మ తిరిగి చూసింది.

"నేను వాకిట్లనే ఉన్న, ఎడ్లను పట్టుకోని" అన్నాడు సాయిలు. "తలుపు సందుల నీ కన్ను కనవడ్డది."

"మరి ఎన్నడు అనకపోతివి."

"అని ఏం జేద్దు. మా అమ్మ నిన్ను బతకనియ్యకపోవు."

నలభై అయిదేళ్లు ఇద్దరూ ఒకే మాటను చెరొక వైపు దాచుకున్నారు. ఊరు మునిగినా, ఎన్ని గుడిసెలు మారినా, రజిత పుట్టినా, ఆ మాట బయటికి రాలేదు.

"నా వల్లనే అనుకున్నవా?" అని అడిగింది మల్లమ్మ.

 కాదని చెబుతాడేమోనని ఆమె ఎదురుచూసింది.

"అనుకున్న" అన్నాడు చివరికి. "శానేండ్లు అనుకున్న. అటెనుక మర్షిపోయిన."

మల్లమ్మకు కోపం రాలేదు. తానూ అదే అనుకుంది కదా. డాక్టరు చెప్పిన లెక్కను అతనికి చెప్పింది. పెదవి రెండో నెలలోనే కలవాలట, గ్రహణం అయిదో నెలలో వచ్చిందట. సాయిలు వేళ్ల మీద నెలలు లెక్కపెట్టాడు. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.  ఇంకో కారు వచ్చి హారన్ కొట్టింది. అతను లేవలేదు. మల్లమ్మే లేచి గేటు తీసింది.

మర్నాడు పొద్దున రజితకు ఫోను చేసింది.

"కరెంటు పెట్టిచ్చుకుంట."

"భయం పోయిందా అమ్మా?"

"భయం ఏడికి పోతది. ఉన్నది. గాని ఇన్నొద్దులు ఇది నాకు శిక్ష అనుకున్న బిడ్డా. శిక్షయితే పడాలె. శిక్ష గాదంటున్నది గద ఆమె. ఒట్టి రోగమే అయితే మందు తీసుకోవాలె."

రజిత కంపెనీలో అడిగి మూడు వారాలు మధ్యాహ్నం డ్యూటీ వేయించుకుంది. పొద్దున్నే తల్లిని బస్సు ఎక్కించుకుని దవాఖానకు తీసుకెళ్లేది. మొదట ఒకరోజు కొలతలు తీసి, రొమ్ము మీద, పక్కన చిన్న చిన్న చుక్కలు పెట్టారు. తరవాత రోజూ ఒకటే వరస. గౌను తొడుక్కోవాలి, పిలిచేదాకా బెంచీ మీద కూర్చోవాలి, లోపలికి వెళ్లి బల్ల మీద పడుకుని రెండు చేతులూ తల పైకి ఎత్తి పట్టుకోవాలి.

బల్ల దగ్గర ఉండే అమ్మాయి పేరు కళ్యాణి. "అమ్మా, కదలొద్దు. నేను బయట కెమెరాల చూస్తుంట. ఏమన్నా అయితే నోటితోని చెప్పు, నాకు వినబడతది" అని చెప్పి వెళ్లేది. ఆమె వెనక బరువైన తలుపు మూసుకునేది. మొదటి రోజు ఆ తలుపు మూసుకోగానే మల్లమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. మూసిన గదిలో కదలకుండా వెల్లకిలా పడుకోమని ఇంతకు ముందు ఒక్కసారే ఎవరో ఆమెకు చెప్పారు.

యంత్రం ఆమె చుట్టూ మెల్లగా తిరిగింది. ఏమీ తగల్లేదు. మంట లేదు. ఏదో గుయ్యిమని చప్పుడు మాత్రం అయ్యి ఆగిపోయింది. ఆ కాసేపూ ఆమెకు బిడ్డ గుర్తొచ్చింది. ముక్కుతో ఏడ్చే ఆ ఏడుపు గుర్తొచ్చింది. కన్నీళ్లు కళ్ల చివరల్నుంచి చెవుల్లోకి జారాయి. చేతులు పైకి ఉన్నాయి, తుడుచుకోకూడదు. కదిలితే మళ్లీ మొదటి నుంచి కొలుస్తారు. అట్లాగే పడుకుని ఏడ్చింది.

కళ్యాణి లోపలికి వచ్చి చూసి కంగారు పడింది. "నొప్పి పెట్టిందా అమ్మా?"

"లేదు బిడ్డా."

రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే. అత్త బతికి ఉన్నప్పుడు ఏడిస్తే అనుమానం వస్తుందని ఏడవలేదు. పట్నం వచ్చాక ఏడవడానికి వేళ లేదు. ఇప్పుడు రోజుకు పది నిమిషాలు, తలుపు మూసిన గదిలో, ఎవరూ ఎందుకని అడగని చోటు దొరికింది. నాలుగో రోజు నుంచి కళ్యాణి ఏమీ అడగలేదు. అయిపోగానే ఒక దూది ముక్క తెచ్చి ఆమె కళ్లూ చెవులూ తుడిచి, అప్పుడు చేతులు దించమనేది.

రెండో వారం చివరికి చర్మం నల్లబడింది. చంక కింద ఒరుసుకుని మండేది. గంజిబట్టలు కట్టుకోవడం మానేసి రజిత పాత నూలు నైటీలు తొడుక్కుంది. ఇంటికొస్తే కాళ్లూ చేతులూ ఎత్తలేనంత నీరసం. పైన ఇళ్ల పని మానుకుంది. సాయిలు అన్నం వండి, చారు కాచి పెట్టేవాడు. అతను పెద్దపిల్ల మాట మళ్లీ ఎత్తలేదు. ఒకరోజు మాత్రం అన్నం ముందు కూర్చుని, తినకుండా ఉండి, "వాగు పక్కన పెట్టిన. సిన్న రాయి గూడ పెట్టిన గుర్తుకు" అన్నాడు. బిడ్డను ఎక్కడ పెట్టాడో ఆమెకు చెప్పడం అదే మొదటిసారి. ఆ వాగూ, ఆ రాయీ డ్యాము నీళ్ల అడుగున ఉన్నాయని ఇద్దరికీ తెలుసు. మల్లమ్మ తల ఊపి, అతని పళ్లెంలో చారు పోసింది.

పదిహేను రోజుల కరెంటు అయిపోయింది. మాత్రలు మొదలుపెట్టారు. మాత్రలతో కీళ్లు ఇంకా పట్టేశాయి. పొద్దున లేవగానే వేళ్లు ముడుచుకునేవి కావు. కుడి చెయ్యి భుజం పైకి లేవడం కష్టమైంది. రెండిళ్లలో ఒక ఇల్లే మళ్లీ చేసుకోగలిగింది. ఆర్నెల్లకు చేసిన పరీక్షలో ఏమీ కనిపించలేదు. ఉదయశ్రీ కాగితం చూసి, బాగుందమ్మా, మళ్లీ ఆర్నెల్లకు రండి అంది.

ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు బస్సులో తల్లీకూతుళ్లకు పక్కపక్కన సీటు దొరికింది. మెహదీపట్నం దాటేదాకా రజిత ఊరుకుంది. ఇన్ని నెలలూ అడగాలనుకున్నది అప్పుడు అడిగింది.

"అమ్మా, అక్కకు ఏం పేరు పెట్టిండ్రు?"

"పెట్టలే. మొర్రిపిల్లను ఎవరికి సూపెడ్తం అన్నది మీ నాయనమ్మ. పురుడు గూడ చెయ్యలే."

"ఎట్లుండె?"

"జుట్టు మస్తుండె. నుదుటి మీదికి పడుతుండె. చేతులు సన్నగ, నీ చేతుల లెక్కనే. రాత్రిళ్లు నా ఏలు పట్టుకుంటె ఇడ్వకపోవు."

"ముఖం ఎవరి లెక్క ఉండె? నా లెక్కనా?"

మల్లమ్మ చెప్పబోయి ఆగింది. కిటికీ వైపు తిరిగింది. చాలాసేపు ఆలోచించింది. బస్సు రెండు స్టాపులు దాటింది. 

"ఎవరన్న సూస్తరని ఎప్పుడు చెంగు కప్పుతుంటి" అంది మల్లమ్మ చివరికి. "ముఖం నాకు యాదికొస్తలేదు బిడ్డా. ఎంత యాదిజేసుకున్నా గా పెదవి ఒక్కటే కనవడుతది."

రజిత తల్లి చేతిని తన రెండు చేతుల మధ్యకు తీసుకుంది. వేళ్లు వాచి, బిగుసుకుని ఉన్నాయి. దిగే చోటు వచ్చేదాకా వాటిని ఒక్కొక్కటిగా మెల్లగా వత్తుతూ కూర్చుంది.